నవ్వి అమ్మిన కందులు

మా మేనమామ బతికున్నన్నాళ్ళూ నన్ను ఏ పనికీ నమ్మలేదు. బెండకాయలకు పంపితే ముదురువి ఏరి మరీ తెస్తానని, స్టేషనుకు పంపితే రావలసిన బండికి బదులు పోవలసిన బండి ఎక్కుతానని నలుగురిలో చెప్పి నవ్వేవాడు. అందులో అబద్ధమేమీ లేదు కనక నేనూ నవ్వేవాణ్ణి. అటువంటి మనిషి పోతూ పోతూ తన సొత్తంతా నా చేతిలో పెట్టి పోయాడు. నాకు పెట్టలేదు, నా చేతిలో పెట్టాడు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో నాకు తెలిసివచ్చిన కథ ఇది.

ఆయన తాండూరు గంజిలో, అంటే ధాన్యపు మార్కెట్టులో, కందుల దలాలు. రైతుకూ సావుకారికీ నడుమ కూచుని బేరం కుదిర్చి, ఇటు కాస్త అటు కాస్త దలాలీ పుచ్చుకునేవాడు. చివరి రోజుల్లో తనే కొంత సరుకు కొని గోదాములో నిలవ పెట్టే స్థితికి వచ్చాడు. నేను వికారాబాదు బడిలో తెలుగు పంతుల్ని. పోలీసు యాక్షన్ తర్వాత బళ్ళల్లో ఉర్దూ కొంచెం జరిగి కూచుంది, ఆ ఖాళీలో తెలుగు కూచుంది, తెలుగు ఒళ్ళో నేను కూచున్నాను. నా ఉద్యోగంలో నా ప్రయోజకత్వం అంతవరకే.

దినాలు అయ్యాక వికారాబాదులో ఒక వకీలు దగ్గరనుంచి కబురు వచ్చింది. మామ వీలునామా రాశాడట. దాన్ని అమలు చేయవలసిన మనిషిని నేనట.

"ఉర్దూల దీన్ని వసీ అంటరు పంతులు సాబ్," అన్నాడు వకీలు. "మీ మామ మిమ్మల్ని వసీ చేసి పోయిండు."

వసీ అంటే వసూలు చేసుకునేవాడు కాబోలునని లోలోపల సంతోషించాను. వకీలు చెప్పుకుపోతుంటే తెలిసింది, వసూలు చేసేది నా దగ్గరనని.

"మామ పైసలు, నీ పైసలు కలపొద్దు. ముందుగాల అప్పులు తీర్చాలె. దినాల ఖర్చు ఇయ్యాలె. గోదాముల ఉన్న మాలు మంచి ధరకు అమ్మాలె. మిగిలింది పైసతో సహా మీ అత్త చేతుల పెట్టి, ముట్టిందని ఏలిముద్ర తీస్కోవాలె. గంతే."

"గంతేనా?"

"గంతే. యాడన్న తక్కువకు అమ్మినవనుకో, గా తేడా నీ తన్ఖాలకెల్లి పోతది."

ఉర్దూలో తన్ఖా అంటే జీతం. తెలుగులో తనఖా అంటే తాకట్టు. నా వరకు ఆ రెండు మాటలూ ఎప్పుడూ ఒకే అర్థంలో నడిచాయి కనక వకీలు చెప్పింది రెండు భాషల్లోనూ అర్థమైంది.

"నన్నే ఎందుకు పెట్టిండు సాబ్?" అని అడిగాను.

వకీలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను గూడ గదే అడిగిన. ఏమన్నడంటే, వానికి లెక్కలు రావు వకీల్ సాబ్, లెక్కలే రానోనికి దొంగలెక్కలు యాడికెల్లి ఒస్తయ్ అన్నడు."

నా జీవితంలో నాకు దొరికిన యోగ్యతాపత్రం అదొక్కటే. అదీ నోటిమాటగా.

ఇక మా అత్త సంగతి. పిల్లలు లేరు. అరవైకి అటో ఇటో ఉంటుంది. మాట జొన్న రొట్టెలాగా గట్టిగా, వేడిగా ఉంటుంది. ఆమెకు ఒకే ఒక్క కోరిక ఉండేది, అది కాశీ కాదు, రామేశ్వరం కాదు, పిండి గిర్ని. వికారాబాదు స్టేషను దగ్గర ఒక గిర్ని ఉంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా జొన్నల సంచి తనే చంకన పెట్టుకుని అక్కడికి పోయేది. పిండి పట్టడం అయిపోయినా వచ్చేది కాదు. యంత్రపు తోలు పట్టా గిరగిరా తిరుగుతుంటే, పైన పోసిన గింజ కింద పిండై రాలుతుంటే, గుడిలో దీపం చూసినట్టు చూస్తూ కూచునేది. ఆ గిర్ని యజమాని ఇల్లు కట్టుకుంటూ సగంలో చేతులు ఖాళీ అయి, గిర్నిలో సగం వాటా అమ్ముతానన్నాడు. దసరా దాకా ఆగుతానని అత్తకు మాటిచ్చాడు. మామకు ఈ సంగతి తెలుసు. అందుకే వీలునామాలో, మిగిలినదంతా నా భార్యది, ఆమె దానితో గిర్ని కొన్నా గింజలు కొన్నా ఎవ్వరూ అడ్డం రాకూడదు అని రాయించాడు.

అడ్డం వచ్చే మనిషి ఎవరో కూడా ఆయనకు తెలుసు. ఆయన తమ్ముడు, అంటే నాకు చిన్న మామ. దోమ అనే ఊళ్ళో వ్యవసాయం. మంచివాడే, కాని ఇతరుల డబ్బు ఒంటరిగా ఉంటే చూడలేడు, వెంటనే తన దగ్గరికి తెచ్చుకుని తోడిస్తాడు. దినాల రోజునే పంచె ఎగ్గట్టి అరుగు మీద కూచుని తీర్పు చెప్పాడు.

"వదినె మా ఇంట్ల ఉంటది. పైసలు నా కాడ ఉంటయ్. ఆడమనిషికి గిర్ని ఏంది, నలుగురు నవ్వుతరు."

గడప లోపలినుంచి అత్త అంది, "నేను నీ ఇంట్ల, నా పైసలు నీ పెట్టెల. ఇద్దరికీ తాళం చెయ్యి నీ మొలకే ఉంటదా మరిదీ?"

ఆ తర్వాత నన్ను పిలిచి, నేలమీద బొగ్గుతో గీతలు గీసి లెక్క చెప్పింది. అప్పులు పోగా, దినాల ఖర్చు పోగా, పెట్టెలో ఉన్న నిజాం కాలపు హాలీ రూపాయలు ఇండియా కల్దార్లుగా మార్చగా మిగిలేది ఏమంత లేదు. ఆధారమంతా గోదాములో ఉన్న కందులే, వాటికి ధర పల్లా తూకం మీద, అంటే నూట ఇరవై సేర్ల మీద. "పల్లాకు ముప్పై ఐదు ఒస్తే గిర్ని అల్లుడా. తగ్గితే దోమ."

దోమ అన్నది ఊరి పేరే. అయినా ఆమె అన్న తీరుకు నేను అసంకల్పితంగా చెయ్యి విసురుకున్నాను.

నేను వకీలు మాటలు మంత్రాల్లాగా పట్టుకున్నాను. చొక్కాకు రెండు జేబులు కుట్టించాను. ఎడమ జేబు మామది, కుడి జేబు నాది. తాండూరుకు పోయేటప్పుడు టిక్కెట్టు ఎడమ జేబులోంచి, ఎందుకంటే అది మామ పని. వచ్చేటప్పుడు కుడి జేబులోంచి, ఎందుకంటే ఇంటికి రావడం నా సొంత పని. ధారూరులో బండి ఆగినప్పుడు పల్లీలు కొంటే అవి ఎవరి పల్లీలని బండి కదిలేదాకా ఆలోచించేవాణ్ణి. ఒకసారి తాండూరులో చాయ్ తాగి, మాటల్లో పడి ఎడమ జేబులోంచి అణా తీసిచ్చాను. అప్పుడు గమనించలేదు. ఆ అణా సంగతి తర్వాత వస్తుంది.

అప్పుల సంగతి గంజిలో అందరికీ చెప్పించాను, మామ ఎవరికైనా బాకీ ఉంటే వచ్చి చెప్పమని. వచ్చారు. గడ్డాలు గీసినాయన వచ్చాడు, చెప్పులు కుట్టినాయన వచ్చాడు, వాళ్ళవి న్యాయమైన బాకీలు, ఇచ్చాను. ఒకాయన మాత్రం అరుగెక్కుతూనే గొల్లుమన్నాడు. మామ తనకు పెద్ద మొత్తం బాకీ అట. ఆ ఏడుపు చూసి నా చెయ్యి ఎడమ జేబులోకి పోయింది. లోపలినుంచి అత్త దగ్గింది. "మామ నీకు బాకీనా, నువ్వు మామకు బాకీనా? జర ఇంకోసారి ఏడ్చి చూస్కో," అంది. ఆయన కళ్ళు తుడుచుకుని, తనే బాకీ ఉన్నట్టు ఇప్పుడే జ్ఞాపకం వచ్చిందని చెప్పి, తీర్చడానికి గడువడిగి వెళ్ళిపోయాడు.

ఇంతవరకు నా పేరు నిలిచింది. కందులు అమ్మేదగ్గర పోయింది.

తాండూరు గంజిలో ఆ రోజుల్లో ధర నోటితో చెప్పుకునేవారు కాదు. చుట్టూ పదిమంది చెవులు రిక్కించి నిలబడి ఉంటారు కదా. అందుకని కొనేవాడూ అమ్మేవాడూ ఒక రుమాలు కింద కుడిచేతులు దూర్చి, వేళ్ళతో మాట్లాడుకుంటారు. మొదట ఎన్ని వేళ్ళు పడితే అన్ని పదులు. రెండోసారి ఎన్ని పడితే అన్ని రూపాయలు. నచ్చకపోతే చెయ్యి నెట్టెయ్యాలి. నచ్చితే అవతలివాడి వేళ్ళు గట్టిగా బిగించి పట్టాలి. బిగిస్తే సౌదా అయిపోయినట్టే. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగివచ్చినా వెనక్కు తీసుకోరు.

ఇది చేయించడానికి వేరే దలాలును పెట్టుకోవచ్చు. కాని దలాలీ ఇవ్వాలి. దలాలు ఇంటి సరుకు అమ్మడానికి ఇంకో దలాలా, ఆ డబ్బు అత్తకు మిగిలించవద్దా అని నాలోని వసీ గొంతెత్తాడు. చిన్నప్పుడు మామ పక్కన కూచుని చూసినవాణ్ణే కదా, వేళ్ళు లెక్కపెట్టడం తెలుగు పంతులుకు కూడా వస్తుంది కదా అనుకుని, మామ రుమాలు భుజాన వేసుకుని బయల్దేరాను. ఎర్ర అంచు రుమాలు. ఇంకా ఆయన బీడీల వాసన వేస్తూనే ఉంది.

కొనడానికి వచ్చినాయన గంజిలో పెద్ద సేటు. మామతో పాత పరిచయం. కందులే కాదు, ఊరి బయట బండల గని కూడా ఉంది. కర్ణాటకం దగ్గర గనక వాళ్ళింట్లో సగం కన్నడం.

"బన్రీ పంతులుగారూ, బన్రీ," అని రమ్మంటూ నా చెయ్యి రుమాలు కిందికి తీసుకున్నాడు.

మూడు వేళ్ళు పట్టాడు. ముప్పై. నాకు అర్థమైంది. పరీక్షలో మొదటి ప్రశ్న వచ్చిన పిల్లవాడిలాగా ఛాతీ విరుచుకున్నాను. ఆయన వేళ్ళు అరచేతి మీదుగా రెండో లెక్కకు కదిలాయి.

ఇక్కడ నా శరీర నిర్మాణం గురించి ఒక మాట చెప్పుకోవాలి. చాలామందికి చక్కిలిగింతలు చంకలో ఉంటాయి. నాకు అరచేతిలో ఉన్నాయి. మాటకారులు అరచేతిలో వైకుంఠం చూపిస్తారంటారు, నా అరచేతిలో కనిపించేది వెకిలి నవ్వొక్కటే. సేటు వేళ్ళు అక్కడ పాకగానే నా లోపలినుంచి ఇకిలింపు తన్నుకొచ్చింది. ఆపుకుందామని ఒళ్ళంతా బిగబట్టాను. ఒళ్ళుతోబాటు చెయ్యీ బిగిసింది. చేతిలో సేటు వేళ్ళున్నాయి.

సేటు కళ్ళు పెద్దవయ్యాయి. "ఏన్రీ, అయిపాయెనా?" అన్నాడు.

నేను "ఆఁ" అన్నాను. పగలబడి నవ్వుతూ అన్నాను.

"వచ్చే సంత నాడు తూకం. తూకం కాంగనే పైసలు," అని సేటు లేచాడు. ఆయన నడక నిద్రలో నడుస్తున్నట్టుంది.

నేను రుమాలు దులిపి భుజాన వేసుకుంటూ ఉండగా వెలిగింది. సరుకంతా అమ్మేశాను. ఎంతకు అమ్మానో తెలియదు.

ముప్పై మీద ఎంత? ఒకటా, అయిదా? వెళ్ళి అడుగుదామంటే, మీరు కొన్న సరుకు నేనెంతకమ్మాను బాబూ అని ఏ నోటితో అడగను? చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు. అమ్మినవాడు పకపకా నవ్వాడు, కొన్నవాడు గుడ్లప్పగించాడు. అంటే ఏమిటన్నమాట? "పంతులు సేటును నిండ ముంచిండు" అని గంజంతా మోగింది. టాంగా ఎక్కితే టాంగావాడు సలాము చేశాడు. ఆ సలాము ఏ జేబులో వేసుకోవాలో తెలియలేదు.

ఆ మోత నాకంటే ముందు రైలెక్కి దోమ చేరింది. రెండు రోజుల్లో చిన్న మామ మా ఇంట్లో ఉన్నాడు.

"మస్తు ధర ఒచ్చిందట గదరా! ఎంతకమ్మినవ్?"

"రుమాలు కింద మాట పైకి చెప్పొద్దు మామా," అన్నాను గంభీరంగా. ఇంత నిజాయితీగా నేనెప్పుడూ రహస్యం దాచలేదు, ఎందుకంటే అది నాకూ తెలియని రహస్యం.

"నా కాడ గూడనా? గన్ని పైసలు ఒంటరి ఆడిదాని చేతుల ఎట్ల పెడ్తవ్? సంత నాడు నేను గూడ ఒస్త. బండి గట్టుకొనే ఒస్త. వదినెను, పైసలను ఒక్కసారే తీస్కపోత."

ఆయన వెళ్ళాక నేను అత్త దగ్గరికి తాండూరు పోయి, ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చెయ్యి చాచి, దాని మీద కొంగు కప్పింది.

"ఆయన ఎట్ల పట్టిండో గట్లనే పట్టు."

"నీకు తెలుసా అత్తా ఇది?"

"మీ మామ మంది తోని ఇంటికొస్తె ఎన్ని రొట్టెలు కొట్టాల్నో ఎట్ల జెప్తుండె అనుకున్నవ్? నీళ్ళ చెంబు అందుకుంటున్నట్టు రుమాలు కింద నా ఏళ్ళు పడుతుండె. ఒచ్చినోళ్ళేమో ముసలోనికి పెండ్లాం మీద పానం ఎక్కువాయె అనుకుంటుండ్రి." కొంగు సరిచేసుకుంది. "పట్టు జల్ది."

మూడు వేళ్ళు పట్టాను.

"ముప్పై. తర్వాత?"

"తర్వాత నవ్వొచ్చింది."

"నవ్వు ఎంత?"

"తెల్వదు అత్తా."

"ముప్పై రూపాల నవ్వు," అని అత్త కొంగు తీసేసింది. "గిర్ని పోతదో ఉంటదో నీకే తెల్వకుంటనే నవ్వుతివి."

సేటునే అడుగుదామన్నాను. అత్త నన్ను జాలిగా చూసింది. "నువ్వు మరిసినవని తెలిస్తె ఆయన నోటికి ఎంతొస్తె గంత జెప్తడు. నోరు సావుకారిది. రుమాలు కింద మాత్రం అబద్ధమాడడు, రేపొద్దుగాల గంజిల అందరికీ గా చెయ్యే ఇయ్యాలె గద. ధర అడుగొద్దు. మళ్ళొకసారి పట్టమను. నేను పక్కన్నే ఉంట."

"నువ్వెట్ల తెలుసుకుంటవ్? ఆయన నీ చెయ్యి పడ్తడా?"

"నా చెయ్యి ఎందుకు పడ్తడు? నీకు చేతులు రెండున్నయి గద."

సంత నాడు గోదాము ముందర తక్కెడ కట్టారు. చిన్న మామ ఎడ్లబండి తెచ్చి వేపచెట్టు కింద నిలిపాడు. బండిలో గడ్డి పరిచి, మీద దుప్పటి కూడా పరిచాడు. మొగుడు పోయి ఇంకా కొన్ని నెలలైనా గడవని ఆడమనిషి గంజికి రావడమేమిటని నలుగురు గుసగుసలాడారు. అత్త వాళ్ళకేసి చూడను కూడా చూడకుండా, గోదాము గడపలో కందుల బస్తా మీద కూచుంది. నన్ను పక్కన కూచోబెట్టుకుంది. నా పంటి కింద ఒక లవంగం పెట్టింది.

"నవ్వొస్తే కొరుకు."

సేటు రాగానే అంది, "సేటూ, మా అల్లుడు నవ్వులల్ల పడి నీ మాట సరిగ పట్టుకోలేదు. జర మళ్ళొకసారి పట్టు."

సేటు నా ముఖం చూశాడు, అత్త ముఖం చూశాడు, కూచున్నాడు. నా కుడి చెయ్యి మామ రుమాలు కింద సేటు చేతిలో. నా ఎడమ చెయ్యి అత్త కొంగు కింద అత్త చేతిలో. నడుమ నేను, స్టేషను పక్కన స్తంభాల మీద పోయే తంతి తీగలాగా. అటు ఎన్ని వేళ్ళు పట్టుకుంటే ఇటు అన్ని వేళ్ళు పట్టుకోవాలి, అంతే నా పని. వీలునామా, వసీ, ఎడమ జేబు, కుడి జేబు అని వకీలు అంతసేపు చెప్పినదంతా ఇదేనేమోనని ఆ క్షణాన తట్టింది. తీగకు సొంత అభిప్రాయం ఉండకూడదు. తీగకు చక్కిలిగింతలు అసలే ఉండకూడదు.

సేటు మూడు వేళ్ళు పట్టాడు. నేను అత్తవి మూడు పట్టాను. సేటు వేళ్ళు అరచేతి మీద పాకాయి. లవంగం కొరికాను. కళ్ళవెంట నీళ్ళు కారాయి. చివరికి నా చిటికెన వేలు ఒక్కటే పట్టుకుని ఆగాడు.

నేను అత్త చిటికెన వేలు పట్టుకున్నాను.

ముప్పై ఒకటి.

రొట్టెలు కొట్టీ కొట్టీ పెచ్చుకట్టిన చెయ్యి అది. నా చేతిలో ఒక్కసారిగా చల్లబడింది. దోమ దాకా పోయి వచ్చినట్టుంది.

"తల్లీ," అన్నాడు సేటు, నెమ్మదిగానే, కాని గంజిలో నెమ్మది అన్నది ఎక్కడుంది. "మొదటి మాట గదా అని తక్కువ పట్టిన. పంతులుగారు చెయ్యి గుంజుకుంటరు, నేను పెంచుత అనుకున్న. ఆయన పట్టుకునె, నవ్వె. నేను గూడ పరేషానైన. కని రుమాలు కింద మాట..."

చుట్టూ గుసగుస లేచింది. మొదటి మాటకే అమ్మేశాడట! ఇన్నాళ్ళూ నాకు సలాములు చేసిన టాంగావాడు మొహం తిప్పుకున్నాడు. చిన్న మామ ముఖంలో మాత్రం వెన్నెల కాసింది. ధర తక్కువైనా ఆయనకు నష్టం లేదు. గిర్ని పోయింది కదా.

"ఇంకేముంది వదినె. ఎండెక్కుతున్నది. బండెక్కు."

అత్త లేవలేదు. నా చెయ్యీ వదలలేదు.

"మాట మాటే సేటూ," అంది. "ధర నేను మార్చమంటలేను. మరి కొసరు?"

సేటు తెల్లబోయాడు. "కొసరు కొన్నోళ్ళు అడుగుతరు గని అమ్మినోళ్ళు అడుగుతరా తల్లీ?"

"నువ్వు ఒట్టి కందులు కొన్నవా? మా అల్లుని నవ్వు గూడ కొంటివి. నవ్వు ఉత్తగ ఒస్తదా?"

మొదట హమాలీలు నవ్వారు. తర్వాత తక్కెడ దగ్గర నిలబడ్డవాళ్ళు నవ్వారు. సేటు మీసాల్లో కూడా ఏదో కదిలింది.

"పైసలు ఇస్తె ధర మార్చినట్టయితది తల్లీ. గంజి ఒప్పుకోదు."

"పైసలెవరడిగిండ్రు? బండలియ్యి. నీ గని కాడ కొండలెక్క పడి ఉన్నయి."

"బండలా? మీకెందుకు బండలు?"

"నా నెత్తిన ఏసుకుంట. నీకెందుకు ఫికర్? ఎన్ని బండ్ల బండలిస్తవో పట్టు."

నేను బిక్కచచ్చి చూస్తున్నాను. అప్పుడు జ్ఞాపకం వచ్చింది, గిర్ని యజమాని ఇల్లు సగంలో ఆగి ఉంది. గోడలు లేచాయి, పైన కప్పు పడింది, కింద ఇంకా బండలు పరవక మట్టే.

సేటు మళ్ళీ రుమాలు కింద చెయ్యి పెట్టాడు. ఒక వేలు పట్టాడు. నేను అత్తకు ఒకటి అందించాను. అత్త నా ఎడమ చెయ్యి విసిరికొట్టింది. నేను సేటు చెయ్యి విసిరికొట్టాను. అంత పెద్ద సేటు చెయ్యి విసిరికొట్టడం నాకు నా జన్మలో మొదటిసారి, అదీ ఇంకొకరి తరఫున కనక ధైర్యంగా కొట్టాను. అత్త అయిదు వేళ్ళూ పట్టింది. సేటుకు అయిదూ అందించాను. ఆయన నెట్టేశాడు. రెండు అన్నాడు. ఆమె నెట్టేసింది. వాళ్ళ బేరం నా లోపలినుంచి అటూ ఇటూ పరుగెత్తుతున్నది. రెండు వైపులా చక్కిలిగింతలు పెట్టి, రెండు వైపులా విదిలిస్తున్నారు. లవంగం ఎప్పుడో మింగేశాను. ఒక దశలో, మధ్యలో నా సొంతంగా ఇంకో వేలు కలిపి అందిస్తే ఎవరికి తెలుస్తుందనిపించింది. ఎవరికీ తెలియదు. కాని లెక్కలు రానివాడు దొంగలెక్క మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియక పట్టుబడతాడు. మామ నన్ను బాగానే అంచనా కట్టాడు.

"ఎంతాయెరా? ఎంతాయె?" అని చిన్న మామ నా వెనక నిలబడి మెడ మీద ఊపిరి వదులుతున్నాడు. ఒకరి చెయ్యి రుమాలు కింద, ఒకరి చెయ్యి కొంగు కింద. ఆయనకు కనిపించేది మా ముఖాలు మాత్రమే, అందులోనూ నా ముఖం ఏడుస్తున్నదో నవ్వుతున్నదో నాకే తెలియదు.

"నీకు జెప్పాల్సినంత గాలేదు మరిదీ," అంది అత్త.

చివరికి సేటు నాలుగు పట్టి ఆగాడు. నాలుగు అందించాను. అత్త నా చెయ్యిని పిండిముద్దను నొక్కినట్టు నొక్కింది. ఆ నొప్పితోనే నేను సేటు చెయ్యి బిగించాను. ఈసారి నేను నవ్వలేదు. సేటు నవ్వాడు, గోదాము రేకులు మోగేటట్టు.

"మీ మామ తోని ఇన్నేండ్లు బేరం జేసిన," అన్నాడు నాతో, రుమాలు నా భుజాన వేస్తూ. "ఆయన ఎనక ఎవరున్నరో ఇయ్యాల తెలిసింది."

చిన్న మామ ఖాళీ బండి తోలుకుంటూ దోమ పోయాడు. పోయేముందు, దుప్పటి మడతపెట్టుకుంటూ, ఏ ధరకమ్మారో కాస్త చెవిలోనైనా చెప్పమని నన్ను బతిమాలాడు.

నాలుగు బండ్ల బండలూ సేటు తన ఖర్చుతోనే స్టేషనుకు తోలించి, గూడ్సుబండిలో వికారాబాదుకు పంపాడు. గిర్ని యజమాని వాటిని తన ఇంటి ముందర దించుకుని, ఒక్కొక్కటీ తట్టి చూసి, తక్కువైన డబ్బుకు సరిపెట్టుకున్నాడు. గిర్నిలో సగం అత్తదైంది. నేను మాత్రం వకీలు దగ్గరికి పరుగెత్తాను. బండలు నావీ కావు, సేటువీ కావు, మామ పోయాక పుట్టినవి, మరి ఏ పద్దులో రాయాలి?

"కొసరు అని రాయి," అన్నాడు వకీలు. "నేను అరబ్బీ సదివిన, ఫార్సీ సదివిన, ఖానూన్ సదివిన. గీ మాట యాడ లేదు. అయినా రాయి."

లెక్కంతా ఒప్పజెప్పి వేలిముద్ర తీసుకునే రోజున గిర్నిలోనే కూచున్నాం. పట్టా తిరుగుతున్నది. అత్తకు నేను గట్టిగా చదివి వినిపిస్తున్నాను, గిర్ని మోతకు అరిచి వినిపిస్తున్నాను. అంతా విని, ఇంకు పూసిన బొటనవేలు గాలిలోనే ఆపింది.

"ఒక అణా తక్కువుంది."

మళ్ళీ మొదటినుంచి అరిచాను. నిజమే. తాండూరు చాయ్, ఎడమ జేబు. కుడి జేబులోంచి అణా తీసి ఆమె చేతిలో పెట్టాను. అప్పుడు గానీ బొటనవేలు కాగితం మీదికి దిగలేదు. అలా నా వసీతనం ముగిసింది. జీతం మొత్తం నాకే మిగిలింది. మిగిలింది అనడం అలవాటుకొద్దీ అన్నాను.

తర్వాత భుజమ్మీద రుమాలు సంగతి జ్ఞాపకం వచ్చింది. అది కూడా మామ సొత్తే కదా, ఏ లెక్కలోనూ రాయలేదు. తీసి ఇచ్చాను. అత్త దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు ఉంచుకుంది. తర్వాత ఒక్క విదిలింపు విదిలించి, పిండి పడకుండా తలకు చుట్టుకుంది. ఎర్ర అంచు కొద్ది రోజుల్లోనే తెల్లబడింది.

సేరుకు ఎంత తీసుకుంటావని మనుషులు మొదట్లో బేరమాడేవాళ్ళు. ఒకాయన తాండూరు అలవాటు కొద్దీ, ఆ రుమాలు చూసి, చెయ్యి కూడా చాచాడు. అత్త ఆ చేతిలో ఆయన పిండి సంచి పెట్టి, గిర్ని మోతను మించి ధర నోటితోనే చెప్పింది. ప్లాట్‌ఫారం మీద బండి కోసం నిలబడ్డవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.